సుదు నోనా ఉత్తరాభిముఖ ప్రస్థానము

స్వస్తి! సముద్రపరివేష్టితమును, నారికేళవనశ్యామలమును, కోకిలకులకలకూజితముఖరితమును, గుమ్మగుమ్మమునను నూనె పిండివంటల పరిమళములచే నిండినదియు నగు సింహళద్వీపమునందు, గజాకారశైలచ్ఛాయాశీతలమైన కురుణేగల పట్టణపు పొలిమేరలో, మీనమును వీడి మేషమును జొచ్చి కొలదినాళ్ళే యైన మార్తాండుడు ఇంకను కన్నులు నులుముకొనుచుండగా, కొత్త సంవత్సరమున ప్రజలెల్లరు పనులకు బయలుదేరవలసిన శుభముహూర్తము సమీపించుచున్న వేళ, ఆర్యదాస కొడితువక్కు అను వీరుడు తన యింటి ముంగిట నిలిచి, కారు బానెట్టు పైకెత్తి, లోపలికి తేరిపార చూచుచుండెను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

ఓ విద్యుద్దేవీ! తీగెయందే యుండి కనబడనిదానా, కనబడకయే కొట్టెడిదానా, వలసినచోట మాయమై వలదన్నచోట మెఱసెడిదానా! మహాసేనల పోరులను, కోటల ముట్టడులను పాడిన కవులు వేనవేలు. ఒక ముసలి కారు స్టార్టు కాకపోవుటను పాడినవాడు మాత్రము కానరాడు. ఆ కొఱత తీర్పబూనిన నా నాలుకపై నీ కరెంటును నిలుపుము. ఎక్కువ వద్దు తల్లీ, కొంచెం చాలు.

ఈ కొడితువక్కు సామాన్యుడని భ్రమింపవలదు. గడియారస్తంభమునకు కూతవేటు దూరమున ‘ఆలోక’ యను పేర బల్బులు, స్విచ్చులు, వైర్లు, హోల్డర్లు విక్రయించు దుకాణమునకు ఏకచ్ఛత్రాధిపతి. ట్యూబులైటు మిణుకుమనిన చాలు, దాని మనోవ్యథ నెఱుంగు కరుణామూర్తి. ఎవ్వరి యింట ఏ ఫ్యాను నిలిచినను, ఆ ఫ్యానును చూడకయే, ఆ యింటికి పోకయే, గల్లాపెట్టె వెనుకనుండి లేవకయే ‘లూజ్ కనెక్షన్’ అని తీర్పు చెప్పగల దివ్యదృష్టిసంపన్నుడు. తన సొంత కారు దగ్గరికి వచ్చేసరికి ఆ దివ్యదృష్టికి శుక్లాలు వచ్చేవి.

ఇక ఆ కారు. జపాను దేశమున జన్మించి, ఓడనెక్కి సముద్రము దాటి, ఈ దీవిలో ఇద్దరు యజమానులను అలయించి, మూడవవాడైన కొడితువక్కు చేత చిక్కిన, లేక కొడితువక్కునే తన చేత చిక్కించుకొనిన ఆ శ్వేతవర్ణ సెడానునకు ఇంటివారు పెట్టిన పేరు సుదు నోనా, అనగా తెల్లదొరసాని. ఆ దొరసాని నాడీమండలమునందలి రోగములను ఏకరువు పెట్టుటకు వేయి నాలుకలు గలవాడును చాలడు. ఎడమకు సిగ్నలు వేసిన వైపరు ఊగును. వైపరు వేసిన లోపలి దీపము వెలుగును. బ్రేకు తొక్కిన రేడియో మూగబోవును. రేడియోను కొట్టిన బ్రేకు దీపము వెలుగును. బ్యాటరీ బాగులేదని హెచ్చరించు ఎఱ్ఱదీపము డాష్‌బోర్డుపై ఎన్నడో అఖండదీపమై వెలసెను. కుడివైపు వెనుక తలుపు అద్దము సగము దిగి, ఎక్కుటయా దిగుటయా యని నిర్ణయింపజాలక అట్లే నిలిచిపోయెను. వానాకాలంలో ఆ సీటు మీద గొడుగు తెరిచి పెట్టేవారు.

అట్టి రోగిష్ఠిదానిని ఏల భరించెనని మీరడుగవచ్చును. కొడితువక్కు ధర్మపత్ని సుమనావతి ఇంట నోరు విప్పిన వినవచ్చునది బియ్యము, గ్యాసు, కొబ్బరికాయలు, అంతే. కాని సాయంకాలమున దుకాణము మూసి, ఆమెను సుదు నోనాలో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఊరి చెఱువు గట్టునకు పోయి, కారపు శనగల పొట్లము విప్పినంతనే ఆమె వేఱొక మనిషి యగును. చిన్ననాడు బడిలో నాట్యమాడుచు కాలుజారి పడిన సంగతి, తల్లి కలలో వచ్చి ఉప్పు అడిగిన సంగతి, ఎదురింటి కోడలి నడక, తన భయములు, తన కోరికలు, అన్నియు ఆ కారులోనే వెలికి వచ్చును. కొడితువక్కుకి ఆ మాటలంటే ప్రాణం.

నిరుడు ఇదే ముహూర్తమున ఆ ప్రాణమునకు దెబ్బ తగిలెను. కొత్త చీర గట్టి ఆమె ప్రక్కన కూర్చుండగా, గడియారస్తంభపు కూడలి నడిబొడ్డున, వెనుక బస్సులు ముందు బస్సులు నిలిచి రంకెలు వేయుచుండగా, సుదు నోనా సకలేంద్రియములు ముడుచుకొని సమాధి చెందెను. సుమనావతి దిగి, కుచ్చిళ్ళు ఎగదోపి, చుట్టపక్కాలందఱు చూచుచుండగా కారును తోసెను. తోసి, చేతులు దులుపుకొని, “ఇక దీంట్లో ఎక్కితే ఒట్టు” అనెను. ఆ ఏడాది పొడుగునా చెఱువు గట్టు లేదు, శనగలు లేవు, మాటలూ లేవు.

పగవాడు ఎల్లప్పుడు సరిహద్దు దాటియే రాడు. కొందఱికి బావమఱది రూపమున వీధిగుమ్మములోనుండియే వచ్చును. సుమనావతి తమ్ముడు మర్విన్ ముదలాలి, అనగా మర్విన్ షావుకారు, అట్టివాడు. పాత కార్లను విప్పి, భాగములు వేఱుచేసి విక్రయించు యార్డునకు అధిపతి. జబ్బుపడిన బండి ఎక్కడ దగ్గినను వినగల సూక్ష్మశ్రవణుడు. సంవత్సరాది నాడు పాలన్నము చుట్టు అందఱు కూర్చుండగా అతడే అగ్గి రాజేసెను.

“బావా, పోయినవాళ్ళని ఇంట్లో పెట్టుకోకూడదు. నాకిచ్చేయ్. తలుపులు ఒకరికి, లైట్లు ఒకరికి, సీట్లు ఇంకొకరికి. దానికీ పుణ్యం, నీకూ పుణ్యం.”

“నీ నోట్లో మన్ను పడ! అదింకా బతికే ఉందిరా.”

“బతికుంటే ముహూర్తానికి గేటు దాటించు చూద్దాం. తొయ్యకూడదు, తాడు కట్టకూడదు, ఇంకో బండి కరెంటు అప్పు తీసుకోకూడదు. దాటిందా, ఈ జన్మలో దాని ఊసెత్తను. దాటలేదా, మధ్యాహ్నానికల్లా నా యార్డులో ఉంటుంది.”

మగవాని రోషము మునగకొమ్మ వంటిది. ఎక్కువాడు ఎక్కుచునే యుండును, అది విఱుగుచునే యుండును. కొడితువక్కు సరే యనెను. సుమనావతి గిన్నెలోని బెల్లము ముక్కను అరచేతిలోనికి తీసికొని, “దాటిందో లేదో నేను చెప్తా” అని మాత్రము పలికెను. ఎవరి పక్షమో పైకి చెప్పలేదు.

ఇంకొక చిక్కు కలదు. ఈ యేటి పంచాంగము ప్రకారము పనికి పోవువారు పసుపుపచ్చని వస్త్రము ధరించి, ఉత్తరదిక్కునకు ముఖము పెట్టి బయలుదేరవలెను. కొడితువక్కు ఇంటి గేటు దక్షిణమున నున్నది. ముందునకు నడిపిన ముఖము యమదిక్కునకు తిరుగును. కనుక సుదు నోనాను ఇంటివైపు మూతి పెట్టి నిలిపి, ముఖము ఉత్తరముననే యుంచి, వెన్ను చూపుచు గేటు దాటుటయే శాస్త్రసమ్మతమైన దారి. లోకమున వీరులు వెన్నుచూపిన ఓటమి. మన వీరునకు అదియే దండయాత్ర. పసుపు చొక్కా ఆయన నడుము సన్నగా ఉన్ననాటిది కావడంతో మధ్య గుండీలు రెండు ఊపిరి బిగబట్టి ఉన్నాయి.

ఇట్లు సన్నద్ధుడై కొడితువక్కు రథమెక్కి, తాళపుచెవి దూర్చి, ఇష్టదైవములను తలంచి, త్రిప్పెను. ఏమియు కాలేదు. మరల త్రిప్పెను. ఏమియు కాలేదన్నది చిన్నమాట. ఏదియు కాకపోవుటలోనే ఒక పరిపూర్ణత యుండెను. ఇంజను మాట అటుండనిండు, ఏ దీపమును వెలుగలేదు, ఏ ముల్లును కదలలేదు, ఆ అఖండదీపము సైతము కొండెక్కియుండెను. ఆరుబయట కోకిల మాత్రము తన పని తాను చేసుకొనుచుండెను. అప్పుడే ఆయన దిగి బానెట్టు ఎత్తినాడు.

అరుగుపై కూర్చుండి, పళ్ళెములోని నూనె అప్పములను వరుసగా రూపుమాపుచున్న మర్విన్ గొంతు సవరించుకొనెను.

“ఏంటి బావా, ధ్యానంలో ఉందా?”

“నువ్వు తినేది తిను.”

“తింటూనే ఉన్నా. అక్కా, అప్పాలు బాగున్నాయే. ఆ హెడ్‌లైట్లు మాత్రం ముందే చెప్తున్నా, నా దగ్గర ఒకాయన అడిగి పెట్టాడు.”

ఆ మాట శూలమై గుచ్చుకొనగా కొడితువక్కు ఇంజనునుద్దేశించి మేఘగంభీరస్వనమున నిట్లు పలికెను: “ఓసి శ్వేతాంగీ! చక్రచతుష్టయశోభితా! నిన్ను ఎండకు ఎండనీయక, వానకు తడియనీయక, నా భోజనమునకంటె ముందు నీ డిస్టిల్డ్ వాటరును విచారించిన నన్ను, ఈ దుష్టబావమఱది యెదుట, ఈ శుభలగ్నమున, ఈ పసుపు చొక్కాలో పరాభవింప దగునా? నీ పిస్టనులలో పౌరుషము లేదా? నీ తీగెలలో కృతజ్ఞత ప్రవహింపదా? మేలుకొనుము! గర్జింపుము! ఆ అప్పాలభక్షకుని గుండెలదరునట్లు ఒక్కసారి దగ్గుము!” ఇది కథకుని చెవికి వినబడిన పాఠము. పక్కనున్నవారికి వినబడింది, “అమ్మా తల్లీ, ఈ ఒక్కసారికీ కదులమ్మా” అన్న గొణుగుడు మాత్రమే.

“తిరిగి ఏమైనా అందా?” అని మర్విన్ అడిగెను.

పొరుగింటి రేడియోలో డోలు మ్రోత మొదలయ్యెను. ముహూర్తమునకు ముందు ఆ డోళ్ళను వినిపించుట వాడుక. అవి నిలిచి, శంఖము మ్రోగిన క్షణమే శుభక్షణము. కొడితువక్కు నుదుట చెమట పట్టెను. సుమనావతి పసుపు చీరలో గేటు ప్రక్కన నిలిచి, వీధిలో తళతళలాడుచున్న తమ్ముని కొత్త బండివైపు ఒకసారి, భర్త వీపువైపు ఒకసారి చూచెను. ఆ చూపు వీపుకు తగిలినట్టే ఆయనకు తెలిసింది.

అప్పుడు మన వీరుని దృష్టి బ్యాటరీపై పడెను. బ్యాటరీపై టెర్మినలు పట్టీ మీద పడెను. ఆ పట్టీ క్రిందనుండి తొంగిచూచుచున్న ఒక పచ్చని కొనపై పడెను. పడి, అక్కడే అతుక్కుపోయెను. ఆ కొన వేపాకుది.

ఇచ్చట కథకుడు కొంత వెనుకకు పోవలసియున్నది. అంతకు ముందే తలకు నూనె పెట్టు శుభవేళ యొకటి గడచెను. ఆ వేళ ఇంటి పెద్ద అందఱి నడినెత్తిన ఓషధులు కాచిన నూనె అద్ది దీవించును. ఈ యేటికి శిరస్సుపై వేపాకు, పాదముల క్రింద మేడియాకు ఉంచవలెనని విధి. కొడితువక్కు భార్య తలకు పెట్టెను, తన తలకు పెట్టుకొనెను, తోక ఊపుచు వచ్చిన కుక్కకును పెట్టెను. ఇక ఈ ఇంట ఆయువు కావలసినది ఎవ్వరికి? నూనె గిన్నెతో సుదు నోనా యొద్దకు పోయెను. చక్రముల క్రింద మేడియాకులు పఱచెను. శిరస్సేది? కారునకు సర్వశక్తియు ఎందుండి పుట్టునో అదియే శిరస్సని ఆ విద్యుద్వేత్త తర్కించి, బ్యాటరీ టెర్మినలు పట్టీని భక్తితో ఊడదీసి, లోహపు గుబ్బపై వేపాకు కప్పి, దానిపై పట్టీని మరల తొడిగి, నూనె ధారాళముగా పోసి, “నూటయిరవై ఏళ్ళు బతుకు తల్లీ” యని దీవించెను. ఆ దీవెనతోనే ఆమె ప్రాణం పోయింది.

ఊరివారి యిండ్లలో లూజ్ కనెక్షన్లను గల్లాపెట్టె వెనుకనుండి కనిపెట్టిన మహానుభావుడు తన చేతులతో తానే, నూనెతో, ఆకుతో, మంత్రముతో కనెక్షనును తెంపుకొనెనను సత్యము తెలిసినపుడు, కొడితువక్కు మొగము చొక్కా రంగునకు తిరిగెను. ఈ సంగతి మర్విన్ కంటబడినచో? యార్డులో ప్రతి కూలికి, టీ కొట్టులో ప్రతి బల్లకు, వచ్చే సంవత్సరాది వఱకు ఇదియే పిండివంట కాదా? కొడితువక్కు కన్నుమూసి తెఱచునంతలో పట్టీని సడలించి, ఆకును లాగి, చొక్కాకు జేబు లేదని గుర్తెఱిగి, వేఱు దారి లేక నోట వేసికొనెను. శాస్త్రోక్తమైన వేప, పైగా బ్యాటరీ మీద కాపురమున్న వేప. ఆ చేదు ఇలాంటిదని చెప్పడానికి ఏ భాషలోనూ మాట లేదు.

“ఏం నముల్తున్నావ్ బావా?”

“వేపాకు.”

“ఇప్పుడా?”

“కడుపుకి మంచిది.”

మర్విన్ అప్పము నోటి దగ్గఱ ఆపి అనుమానముగా చూచెను. అంతలో కొడితువక్కు పంచె కొంగుతో నూనె తుడిచి, పట్టీని గుబ్బపై బిగించెను. బిగించిన మఱుక్షణమే సుదు నోనా చిరనిద్రనుండి మేల్కొనెను. లోపలి దీపము వెలిగెను, సిగ్నలు దీపములు కన్నుగీటెను, వైపర్లు పొడి అద్దముపై కీచుమనుచు నాట్యమారంభించెను, రేడియో ఎవరిదో పాట మధ్యలోనుండి అందుకొనెను. కొడితువక్కు “జయము!” అని అఱచునంతలో నాలుగు తలుపులును ఏకకంఠముతో ‘ఠక్’ మనెను. తమంత తాము తాళము పడినవి. వీరుడు బయట నుండెను, తాళపుచెవి లోపల నుండెను.

“అపోయ్!” అని మర్విన్ తొడ చఱచెను. “నిన్ను లోపలికి రానివ్వట్లేదు బావా. దానికీ అర్థమైంది, ఎవరితో పోవాలో.”

ధీరుడు ఆపదలోనే దారి వెదకును. ఏ అద్దము సగము దిగి యేండ్ల తరబడి వానను, దోమలను, ఎదురింటి పిల్లిని లోనికి రానిచ్చెనో, ఏ అద్దమును చూచినపుడెల్ల కొడితువక్కు పండ్లు కొఱికెనో, ఆ అద్దమే నేడు కోటగోడలోని దిడ్డిద్వారమాయెను. ఆయన పరుగిడి, ఆ సందున కుడిచేయి దూర్చెను, చాలలేదు. భుజము దూర్చెను, చాలలేదు. తల దూర్చెను. పసుపు చొక్కా గుండీ యొకటి ‘టప్’ మని తెగి వీరస్వర్గమలంకరించెను. నడుము వఱకు కారులోను, మిగిలినది ఎండలోను నుండి, వేళ్ళ కొనలతో ముందు తలుపు మీటను వెదకుచుండగా వెనుకనుండి బావమఱది గొంతు వినబడెను.

“బావా, బయలుదేరాల్సింది ఉత్తరముఖంగా. ఇప్పుడు నీ ముఖం పడమటికుంది. మిగతాది ఎటుందో నేను చెప్పను.”

మీట చిక్కెను. తలుపు తెఱచుకొనెను. కొడితువక్కు తలను బయటికి లాగుకొనుటలో కుడిచెవిని కొంత నష్టపోయి, సింహాసనమధిష్ఠించి, తాళపుచెవిని త్రిప్పెను. ‘టక్.’ మరల త్రిప్పెను. ‘టక్.’ ఇది స్టార్టరు మోటారు పాత అలవాటు; బద్ధకము గల పనివానివలె పిలిచిన పలుకును కాని లేవదు. ఎవరైనను దాని వీపుపై ఒక దెబ్బ వేయుచుండగా, అదే క్షణమున మఱొకరు చెవి త్రిప్పిననే అది తిరుగును. అనగా ఇద్దఱు కావలెను. పూర్వము ఆ రెండవ మనిషి సుమనావతి. ఏడాదిగా రెండో మనిషి లేదు.

పొరుగింటి రేడియోలో డోళ్ళు వేగమందుకొనెను. కొడితువక్కు స్టీరింగుపై నుదురానించెను. ఓటమి యన్నది పెద్ద చప్పుడుతో రాదు. ‘టక్’ మని మాత్రమే వచ్చును. ఆయన దుఃఖము కారు పోవునని మాత్రమే కాదు. తలుపులు ఒకరికి, దీపములు ఒకరికి పోవును సరే. ఆ సాయంకాలములు ఎవ్వరికి పోవును? ఆ ఏడుపు చూపించుకోవడం ఇష్టం లేక ఆయన తలెత్తలేదు.

‘ఢాం!’ అని ఇంజనులో పిడుగు పడెను. కొడితువక్కు త్రుళ్ళిపడి తలెత్తి, బానెట్టు ప్రక్కనుండి కనబడిన దృశ్యమును చూచి నివ్వెఱపోయెను. పసుపు చీర కొంగు నడుమున దోపి, పండుగ మిఠాయి దొదొల్ కలియబెట్టు బారెడు చెక్కతెడ్డును గదవలె రెండు చేతుల పూని, సుమనావతి నిలిచియుండెను.

“తిప్పండి! నేను కొట్టినప్పుడు తిప్పాలని ఎన్నిసార్లు చెప్పాలి?”

మర్విన్ అరుగు దిగి పరుగున వచ్చెను. “అక్కా! నువ్వు తీర్పరివి. చెయ్యి వెయ్యకూడదు.”

“తొయ్యకూడదన్నావ్. తాడు కట్టకూడదన్నావ్. కొట్టకూడదన్నావా?”

“అది వేరే లెక్క...”

“అయితే జరుగు. లేకపోతే తెడ్డు ఎవరికి తగుల్తుందో నేను చెప్పలేను.”

మర్విన్ జరిగెను. సుమనావతి బానెట్టు చాటునుండి కిటికీవైపు వంగి, తమ్మునికి వినబడకుండ, “ఆ ఆకు మింగేయండి, పళ్ళ సందులో కనిపిస్తోంది” అనెను. కొడితువక్కు గుటుక్కున మ్రింగెను. ఆమెకు అంతా తెలుసు.

“ఒకటీ... రెండూ...” ఢాం! తెడ్డు స్టార్టరు వీపుపై పడెను, చెవి తిరిగెను, సుదు నోనా దగ్గెను, తుమ్మెను, వణకెను, పొగ వదలెను, ఆపై, ఓ శ్రోతలారా, గర్జించెను! గుమ్మము ప్రక్కనున్న కుక్క లేచి పాఱిపోయెను. సుమనావతి బానెట్టును దభాలున మూసి గేటునొద్దకు పరుగిడి రెండు తలుపులును బార్లా తెఱచెను.

“రండి, రండి, రండి! కొంచెం ఎడమకి! ఒరేయ్ మర్విన్, నీ బండి తియ్యరా, దారికడ్డం పెట్టుకుని!”

“నా బండి నేనెందుకు...”

“తియ్!”

యార్డుల అధిపతి పరుగునపోయి తన బండిని ప్రక్కకు తీసెను. కొడితువక్కు ముఖము ఉత్తరమున నిలిపి, మెడ మాత్రము దక్షిణమునకు త్రిప్పి (మెడను గూర్చి పంచాంగము ఏమియు చెప్పలేదు), వెనుక గేరు వేసి, క్లచ్చి వదలెను. మేడియాకులను త్రొక్కుచు చక్రములు కదలెను. గేటు దగ్గఱ ఒకింత స్టీరింగు త్రిప్పవలసివచ్చెను. త్రిప్పెను. త్రిప్పగనే సుదు నోనా హారను, ఎవ్వరు నొక్కకయే, భోరున మ్రోగ నారంభించెను. స్టీరింగును ఇటు త్రిప్పినను అటు త్రిప్పినను ఆగదు. అఱచేతితో కొట్టినను ఆగదు. పశుపక్ష్యాదులు బెదరెను, వీధివారు గుమ్మములలోనికి వచ్చెను, ఎదురింటి ముసలమ్మ పెండ్లికొడుకు తరలి వచ్చెనని తలంచి తాంబూలపు పళ్ళెము కొఱకు లోనికి పరుగెత్తెను. ఆ ఘోషలో డోళ్ళు ఎప్పుడు ఆగాయో, శంఖం ఎప్పుడు ఊదారో ఎవరికీ వినబడలేదు.

సుదు నోనా ముందు బంపరు గేటు గీత దాటి వీధిలోనికి వచ్చి నిలిచెను. ఇంజను నడుచుచునే యుండెను. అందఱి చూపులును సుమనావతిపై నిలిచెను.

“టైముకి దాటలేదు!” అని మర్విన్ హారను మీదుగా అఱచెను. “శంఖం ముందే ఊదేశారు!”

“నువ్వు విన్నావా?”

“ఈ గోలలో ఎలా వింటాను?”

“నేనూ వినలేదు. వినలేదంటే ఊదలేదు. దాటింది. పో, పోయి ఆ మిగిలిన అప్పాలు తిను.”

ధర్మదేవత సాక్షాత్తు పసుపు చీర గట్టి తీర్పు చెప్పినపుడు అప్పీలు లేదు. మర్విన్ ముదలాలి రెండు చేతులు పైకెత్తి, తల అడ్డముగా ఊపుచు, నవ్వు ఆపుకొనలేక, “నీకు కారు అక్కర్లేదు బావా, మా అక్కుంటే చాలు” అనెను. ఆ మాట ఆయనకు వినబడలేదు, వినబడినా కాదనేవాడు కాదు.

ఏలయనగా ఆ సమయమున మన వీరుడు మఱొక యుద్ధమున నుండెను. హారను ఫ్యూజు తన మోకాలి దగ్గఱి పెట్టెలో, పై వరుసలో నున్నదని ఆయనకు తెలియును. దానిని పీకినచో ఈ ఘోష నశించును. చేయి పెట్టె మూతపై పడెను. అంతలో ఎడమవైపు తలుపు తెఱచుకొనెను. మొదట తెడ్డు లోనికి వచ్చెను. దాని వెనుక సుమనావతి వచ్చి ప్రక్క సీటున కూర్చుండి, తలుపును మూడుమార్లు లాగి మూసికొనెను.

“ఒట్టు పెట్టుకున్నావు గదా?” అని కొడితువక్కు అడిగెను.

“ఏంటీ?”

“ఒట్టూ!”

“వినపడట్లా! పోనివ్వండి, దుకాణం తెరవాలి!”

పోనిచ్చెను. హారను మ్రోగుచునే, వైపర్లు ఊగుచునే, ఎవ్వరిదో పాట మధ్యలో తెగి అతుకుచునే సుదు నోనా కురుణేగల వైపు కదలెను. సుమనావతి ఏదో చెప్పసాగెను. ఆయనకు వినబడలేదు. ఆమె దగ్గఱకు జరిగెను, అప్పుడును వినబడలేదు. కడకు ఆమె ఒక చేత్తో తెడ్డును పట్టుకొని, రెండవ చేయి ఆయన భుజముపై వేసి, దెబ్బతిన్న ఆ కుడిచెవి అవతలనుండుటచే ఎడమచెవికి నోరానించి మాటలాడసాగెను. ఏడాదిగా దాచుకొనిన మాటలు. మోకాలి నొప్పి సంగతి, దుకాణమునకు కొత్త బోర్డు పెట్టవలెనను కోరిక, నిరుడు ఆ కూడలిలో కారును తోయుచు తాను ఏడ్చినది సిగ్గుతో కాదు, లోపల కూర్చున్న ఆయన మొగము చూచి యను సంగతి. ఒక్కొక్క మాటయు వెచ్చగా చెవిలో పడుచుండెను.

“హారను ఆగదా దీనికి?” అని ఆమె చెవిలో అఱచెను.

ద్విపిన్ త్రిపిన్ సకలప్లగ్ సార్వభౌముడును, వేపాకు మ్రింగి హరాయించుకొనినవాడును, ఉత్తరముఖుడై దక్షిణమునకు దండెత్తినవాడును నగు ఆర్యదాస కొడితువక్కు, ఫ్యూజు పెట్టె మూతపైనుండి మెల్లగా చేయి తీసివేసెను.

“ఆగదు,” అన్నాడు. “పెద్ద రిపేరు.”